అక్క సైకిల్ ముందుకాళ్ళు

అక్క బరువెంతో రాబట్టడం నాకు ఆ సైకిల్ మొత్తం విప్పడం కన్నా కష్టమైంది.

నేను బాన్సువాడలో ఒక రైస్ మిల్లులో కాంటా దగ్గర పని చేస్తాను. వడ్ల ట్రాక్టరు వస్తే తూస్తాను, ఖాళీ అయ్యాక మళ్ళీ తూస్తాను. పొద్దున లేచింది మొదలు బరువులే నా బతుకు. అలాంటివాడికి సొంత అక్క తన బరువు చెప్పనంటుంది. "ఆడిమనిషిని బరువు అడుగుతరా ఎవరన్న? సిగ్గులేదా నీకు?" అని కసిరింది. సరదాకి కాదే తల్లీ, సైకిల్ ముందు షాకుల్లో గాలి ఎంత కొట్టాలో ఎక్కేవాళ్ళ బరువును బట్టి ఉంటుంది అని నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను. "ఇన్నేండ్ల సంది సైకిల్ తొక్కుతున్న, ఏ సైకిలూ నా బరువు అడగలే," అంది.

ఆమె తొక్కిన సైకిళ్ళు అడగవు. ఇది వేరే రకం. బావ గల్ఫ్‌లో ఒక ఇంట్లో డ్రైవరు. ఆ ఇంటి సేఠు కొడుకు కొన్నాళ్ళు మోజుపడి కొండల్లో తొక్కి మూలన పడేసిన సైకిల్ ఇది. పారేస్తామంటే బావ అడిగి తీసుకుని, చక్రాలు ఊడదీసి, దుప్పట్ల మధ్య పెట్టి కార్గోలో పంపాడు. కూతురి కోసమని ఆయన ఆశ. ఆ పిల్ల వాకిట్లో నాలుగు చుట్లు తిరిగి, హాస్టలుకు పోయింది. సైకిల్ గడ్డివాము పక్కన రేకుల కింద నిలబడిపోయింది.

దాని ముందుభాగం చూసి ఊళ్ళో అందరికీ విడ్డూరమే. మామూలు సైకిలుకు ముందు చక్రాన్ని పట్టుకుని వంగిన ఇనుప ఫోర్కు ఉంటుంది, అంతే. దీనికి రెండు మెరిసే సన్నటి గొట్టాలు కిందున్న రెండు లావు గొట్టాల్లోకి దూరి ఉంటాయి. ఒకదాంట్లో గాలి, ఇంకోదాంట్లో నూనె. గుంతలో పడితే కుంగుతుంది, దాటగానే లేస్తుంది. ఇంటికొచ్చిన ప్రతివాడూ హ్యాండిల్ మీద చేతులేసి ఓసారి నొక్కి చూడకుండా పోయేవాడు కాదు. అక్క దాన్ని ఫోర్కు అనలేదు ఎప్పుడూ. ముందుకాళ్ళు అనేది.

అక్క ఊరు బిచ్కుంద దారిలో, కాలువ పక్కన. వాళ్ళ పొలం పిల్లకాలువ చివరంట ఉంటుంది. వానాకాలం నాట్లప్పుడు కాలువ గట్టు మీద స్కూటీ జారి, అక్క కుడి చేతి మీద పడింది. మణికట్టు విరిగింది. నిజామాబాద్ తీసుకుపోతే ప్లేటు వేసి స్క్రూలు బిగించారు. కట్టు విప్పాక స్కూటీ వంక చూడలేదు. "ఇంజను సప్పుడు ఇంటెనే కాళ్ళల్ల వణుకొస్తుంది," అనేది. మామూలు సైకిల్ ఎక్కి చూసింది. గట్టు మీద ఎడ్లబండ్లు, ట్రాక్టర్లు తిరిగి పడిన చక్రాల గాడులు. ఒక్కో గాడికి దెబ్బ నేరుగా మణికట్టుకే తగిలేది. ఇంటికొచ్చి గడపలో కూర్చుని చెయ్యి పట్టుకుని ఏడ్చింది. అక్క ఏడవగా నేను చూసింది మా నాయిన పోయినప్పుడు, మళ్ళీ ఆ రోజే.

నడిచి పోవచ్చు కదా అంటారు. పోవచ్చు, ఒకరోజు పని అయితే. చివరి పొలానికి నీళ్ళ వంతు వచ్చిందని ఫోన్ రాగానే పోయి తూము తీసుకోవాలి, లేకపోతే పైవాళ్ళ మడుల్లోకే పోతాయి. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, గట్టు తెగిందంటే ఇంకోసారి. నడకతో అయ్యే సేద్యం కాదు.

అక్క మరిది పొలం పక్కనే. నాకూ బావ వరసే. మంచి రైతు, మంచి మనిషి కూడా. అందుకే చిక్కొచ్చింది. చెడ్డవాడైతే తిట్టి పంపేవాళ్ళం. "వదినె, నువ్వు పరేషాన్ కాకు. యాసంగి నుంచి నేనే చేస్త, కౌలు ఇస్త. నారు పోసే యాల్లకు ఏదో ఒకటి చెప్పు," అన్నాడు. గల్ఫ్ నుంచి అక్క మొగుడు కూడా ఫోన్‌లో అదే మాట. "చెయ్యి బాగలేదు గదనే, ఇయ్యరాదు వానికి. ఎవరో కాదు గద."

అక్క ఇద్దరికీ సరే చూద్దాం అంది. నాతో మాత్రం ఇలా అంది: "ఇస్తె ఇగ అయిపాయె తమ్మీ. వాడు తినేటోడు కాదు, నాకు తెలుసు. కని ఒక్క పంట వాని చేతిల పెడితె, రెండో పంటకు నన్నెవరు అడుగుతరు? ఇంట్ల కూసోని ఏం జెయ్యాలె నేను? గోడలు జూడాల్నా?"

ఇంతే విషయం. వానాకాలం పంట తర్వాత వేసే యాసంగికి నారు పోసే లోపల ఆమె సొంతంగా పొలానికి పోయి రాగలిగితే సేద్యం ఆమెది. లేకపోతే మరిదిది. ఆ సంగతి తేల్చవలసింది రేకుల కింద దుమ్ము కొట్టుకుపోయిన సైకిల్ ముందుకాళ్ళు.

బాన్సువాడలో సైకిల్ షాపతను అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "గీటిని నేనెన్నడు ఇప్పలే అన్నా. తీసేసి మామూలు ఫోర్కు ఏస్త, గోల పోతది," అన్నాడు. గోల పోతుంది, అక్క చెయ్యి కూడా పోతుంది. దండం పెట్టి తెచ్చుకున్నాను. ఫోన్‌లో వీడియోలు చూడడం మొదలుపెట్టాను. ఎక్కడో మంచుకొండల దేశంలో ఒక గడ్డపాయన, ఇంగ్లిష్‌లో గడగడా చెప్పేస్తాడు. ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ ఆపి. మా ఆవిడ, "మిల్లుల పని పీకిన్రా ఏంది, సైకిల్ మేస్త్రి అయితున్నవ్?" అని ఎకసెక్కెం. చిన్న గడియారం లాంటి మీటరున్న చేతిపంపు తెప్పించుకున్నాను.

ఆ గడ్డపాయన చెప్పినదాంట్లో మొదటి సంగతి సులువే. మనిషి సైకిల్ మీద కూర్చోగానే ఫోర్కు ఉన్న పొడవులో పావువంతు దాకా కుంగాలి. అంతకన్నా తక్కువ కుంగితే గాలి ఎక్కువైందని. గుంతల దెబ్బ చేతికి వస్తుంది. ఎక్కువ కుంగితే గాలి చాలలేదని. పెద్ద గుంతలో అడుగంటిపోతుంది. ఎంత కుంగిందో తెలియడానికి మెరిసే గొట్టం చుట్టూ ఒక రబ్బరు చుట్ట ఉండాలట. దీనికి లేదు. మిల్లులో తూకం చీటీలకు చుట్టే రబ్బరు బ్యాండు తెచ్చి గట్టిగా మడతలేసి చుట్టాను. ఫోర్కు కుంగినప్పుడు కింది గొట్టం దాన్ని పైకి నెడుతుంది, లేచాక బ్యాండు అక్కడే ఉండిపోతుంది. వారమంతా అక్క ఎక్కడెక్కడ తిరిగినా, అత్యంత పెద్ద దెబ్బ ఎంతో ఆదివారం నాకు ఆ బ్యాండు చెప్పేది.

ఇక బరువు. లారీల కాంటా మీద మనిషిని నిలబెడితే ముల్లు కదిలినట్టే ఉండదు. బస్తాల కాంటా ఉంది కదా, మిల్లుకు రమ్మన్నాను. ఎవరూ లేనప్పుడు వస్తానంది. ఆదివారం వచ్చింది. ఆదివారం కూడా హమాలీలు ఉంటారని నేను మరిచాను. అక్క చీర కొంగు బిగించి కాంటా ఎక్కిందో లేదో, ఒక ముసలి హమాలీ బస్తా మీద కూర్చుని బీడీ తీసి, "అక్కా, తేమ ఎంతుందో గూడ చూడుమంటవా?" అన్నాడు. వడ్లకు తేమ చూసి తరుగు తీసేది అక్కడే కదా. అందరూ పగలబడి నవ్వారు. అక్క కూడా నవ్వింది, నన్ను మాత్రం గుర్రుగా చూసింది. బరువెంతో ఇక్కడ రాయను. మాటిచ్చాను.

గాలి కొట్టాను. ఎక్కి కూర్చోమని, బ్యాండు చూసి, కొంచెం వదిలి, మళ్ళీ ఎక్కమని. ఫోర్కు కుడికాలి అడుగున ఎర్ర మూత ఒకటి ఉంటుంది. కుంగిన ఫోర్కు ఎంత వేగంగా లేవాలో అది చూసుకుంటుంది. విప్పితే ఫట్టుమని లేచి చేతుల్ని ఎగరేస్తుంది, బిగిస్తే బద్ధకంగా లేస్తుంది. ఒక్కో టిక్కు చొప్పున తిప్పుతూ కుదిర్చాను. అక్క గట్టు మీదికి పోయింది. చింతచెట్టు మలుపు దాకా పోయి వచ్చింది.

"ఏం తెల్వలేదురా! నీళ్ళ మీద పోయినట్టే ఉంది," అంది.

నాకు ఆ రోజు ఎంత గర్వంగా ఉందో చెప్పలేను. మిల్లులో ఎన్ని లారీలు తూచినా ఎవడూ నాకు శభాష్ అనలేదు.

పై ఆదివారం పోయేసరికి ఫోర్కు బిగుసుకుపోయింది.

హ్యాండిల్ నొక్కితే కదలదు. ఇంకా నొక్కితే ఒక్కసారిగా గుభాలున జారి, అక్కడే అతుక్కుని, నింపాదిగా లేస్తుంది. రబ్బరు బ్యాండు చూస్తే బెత్తెడు కూడా పైకి పోలేదు. అంటే వారమంతా దెబ్బలన్నీ ఆమె చేతికే. నొప్పి ఉందా అంటే, "జర ఉంది, ఏం కాదు," అంది. మీటరు పెట్టాను. గాలి ఉన్నంత ఉంది. ఎర్ర మూత పెట్టినచోటే ఉంది. గాలి తగ్గించాను. అప్పుడు కుంగింది, కాని లేవలేదు. మళ్ళీ కొట్టాను. ఎండలో కూర్చుని ఆ పంపుతో కుస్తీ పట్టి, చివరికి గొట్టాలను నూనె గుడ్డతో తుడిచి, పదే పదే నొక్కితే కొంచెం వదులైంది.

మళ్ళీ వారం అదే తంతు. ఆ పై వారం అదే.

నాకు ఒళ్ళు మండిపోయింది. నాది మామూలుగానే ముక్కు మీద కోపం. కాలువ బురదలో దించుతున్నావా అన్నాను. లేదంది. కోత మిషన్ల దుమ్ములో పెడుతున్నావా? లేదంది. మోటారు పైపు పెట్టి కడుగుతున్నావా, నీళ్ళు లోపలికి పోతాయని చెప్పానా లేదా? "కడుగుతలేను, తడిబట్ట పెట్టి తుడుస్తున్న. నువ్వొస్తున్నవని శనివారం పొద్దుగాల ఒళ్ళంత తుడిచి పెడుతున్న," అంది. నిజమే, నేను పోయేసరికి సైకిల్ అద్దంలా ఉండేది. ఇంత శుభ్రంగా ఉంచే మనిషిని ఏమనాలి? సేఠు కొడుకును తిట్టాను. కార్గోవాళ్ళను తిట్టాను. వీడియోలో గడ్డపాయనను తిట్టాను, ఆయనకేం తెలుసు పాపం.

ఈ గొడవలో ఒకసారి అక్క, "తమ్మీ, గీ కుడి దిక్కు బ్రేకు మీట జర పైకి తిప్పి పెట్టు," అంది. హ్యాండిల్ మీద దాని పట్టీ వదులు చేసి, చెప్పినంత పైకి తిప్పి బిగించాను. అంత పైకి ఎవరూ పెట్టుకోరు. ఎవరి అలవాటు వాళ్ళది అనుకున్నాను. నా ధ్యాసంతా ఫోర్కు మీదే. అన్నం వేళకు ఆమె నాకు వడ్డించి, "నువ్వు తిను, నేను యెన్క తింట," అనేది. ఇంతకుముందు ఇద్దరం ఒకే దగ్గర కూర్చుని తినేవాళ్ళం. పని తొందరలో ఉంది కాబోలు అనుకుని తిని, చెయ్యి కడుక్కుని, మళ్ళీ సైకిల్ దగ్గరకే.

ఊరంతా కోతలు అయిపోవచ్చాయి. మరిది దుక్కులు మొదలుపెట్టాడు. ఇంటికొచ్చి ఏమీ అడగలేదు కాని, పోతూ సైకిల్ వంక ఒక చూపు చూసి పోయేవాడు. అదే అడిగినట్టు.

ఇక తప్పదని ఒక ఆదివారం ఫోర్కు మొత్తం విప్పాను. గాలి తీసేసి, అడుగున బోల్టులు వదులు చేసి, కొయ్య సుత్తితో తట్టి, కింది లావు గొట్టాలను ఊడలాగాను. అక్క దూరంగా నిలబడి, "మల్ల పెట్టొస్తదా?" అని రెండుసార్లు అడిగింది. మళ్ళీ పెట్టగలనో లేదో నాకూ తెలియదు. "నోరు మూసుకుని నిలబడు," అన్నాను. లావు గొట్టం మూతి దగ్గర ఒక రబ్బరు సీలు, దాని కింద నూనె పీల్చుకునే స్పాంజి రింగు ఉంటాయి. మెరిసే గొట్టం పైకీ కిందికీ ఆడేటప్పుడు ఆ స్పాంజి దానికి నూనె రాస్తుంది, సీలు దుమ్మును ఆపుతుంది. ఆ స్పాంజి పట్టుకుంటే వేళ్ళకు బంకలా అంటుకుంది. ఆవపిండి రంగు. సీలు పెదవి చుట్టూ అదే పేరుకుని గట్టిపడింది. గల్ఫ్‌లో వేసిన పాత గ్రీజు ఎండలకు ఇలా అయి ఉంటుందనుకున్నాను. దొంగ దొరికిందని సంబరం. నా పాత బనీనుతో తోమి తోమి తుడిచాను. స్పాంజి కడిగి, కొత్త నూనె పోసి, మళ్ళీ ఎక్కించాను. ఫోర్కు వెన్నలా ఆడింది. అక్క గట్టు మీద పోయి వచ్చి నవ్వింది.

మర్నాడు సాయంత్రం మిల్లు నుంచి వచ్చేసరికి మా ఆవిడ బకెట్ ముందు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. నీళ్ళు ఎర్రగా ఉన్నాయి. అందులో నా బనీను, దాంతో పాటు నానేసిన తెల్ల లుంగీ కూడా.

"ఏం తుడిచినవ్ దీంతోని?"

"గ్రీజు."

"గ్రీజుకు సబ్బు తగిలితె ఎర్రగైతదా? ఎవరికి చెప్తున్నవ్? పసుపు గుడ్డ సబ్బుల ఏస్తె గిట్లైతది." బనీను పైకెత్తి వాసన చూసింది. "ఆముదం గూడ ఉంది. నువ్వు బాగు చేసింది సైకిల్‌నా, పెండ్లిపిల్లనా? నలుగు పెట్టిన్రా ఏంది దానికి?"

ఆమె నవ్వుతూనే ఉంది. నేను అక్కడే నీళ్ళ తొట్టి మీద కూర్చుండిపోయాను. పసుపు. ఆముదం. సైకిల్ శనివారం పొద్దున తుడుస్తుంది. అంటే పెట్టేది శుక్రవారం.

ఆ శుక్రవారం మిల్లులో పూట సెలవడిగాను. సీజన్లో సెలవేంటని మా మిల్లు సేఠు మొహం మాడ్చుకున్నాడు. మాడ్చుకుంటే మాడ్చుకున్నాడని పొద్దున్నే అక్క ఊరికి పోయాను. వాకిలి ఊడ్చి చల్లి ముగ్గేసింది. గడపకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టేసింది. ఇక సైకిల్ ముందు కూర్చుంది. చిన్న గిన్నెలో పసుపు ఆముదంతో కలిపి ఉంది. ఉత్త నీళ్ళతో కలిపితే ఆ నున్నటి గొట్టానికి పట్టదు కదా, అందుకని నూనె. కుడిచేత్తో పెడుతోంది. వేలు తిప్పడానికి ఒళ్ళంతా పక్కకు వంచి, మోచెయ్యి పైకెత్తి, ఒక్కో కాలికి పట్టీలాగా రాసి, మీద కుంకుమ అద్దింది. పెదవులు కదులుతున్నాయి. నన్ను చూడలేదు. ఆమె ఏమంటోందో నాకు వినబడింది. "నా చెయ్యి నిలబెట్టు తల్లీ," అంటోంది. సైకిల్‌తో.

దారి పొడుగునా కూర్చుకున్న తిట్లన్నీ నాలుక చివర ఉన్నాయి. ఆ మాట విన్నాక ఆగి ఉండవలసింది. ఆగలేదు.

"నీకేమన్నా పిచ్చా? అక్కడ ఎవరు పెట్టమన్నారే? హ్యాండిల్ లేదా, సీటు లేదా? సైకిల్ ఇంత ఉంటే నీకు ఆ రెండు గొట్టాలే దొరికాయా?"

ఉలిక్కిపడి గిన్నె కింద పెట్టింది. "మోసేటివి గవే గద తమ్మీ. హ్యాండిల్ మోస్తుందా నన్ను? బండికి చక్రాలకు పెడ్తరు, నాగలికి కర్రుకు పెడ్తరు. పని చేసేదానికే పెట్టాలె."

"ఆ పసుపే లోపలికి పోయి బంకలా అంటుకుంటోంది. నేను ఆదివారం బాగు చేస్తున్నా, నువ్వు శుక్రవారం చెడగొడుతున్నావు. నీ చెయ్యి నొప్పి నీ చేత్తోనే తెచ్చుకుంటున్నావు!"

అక్క మొహం తెల్లబోయింది. కొంగుతో గొట్టాలు తుడవబోయి, ఆగింది. "మొక్కితె చెడిపోయిందంటవా?"

"మొక్కితే కాదు, పూస్తే!"

గిన్నె మళ్ళీ చేతిలోకి తీసుకుంది. తర్వాత, చిన్నపిల్ల అడిగినట్టు, "మరి యాడ పెట్టాలె?" అంది.

అప్పటికి నా కోపం దిగింది. చెప్పాలంటే నాకు సిగ్గేసింది. ఆమె పక్కన కూర్చుని, రెండు మెరిసే గొట్టాలూ పైన కలిసేచోట ఉన్న అడ్డపట్టీ చూపించాను. "ఇక్కడ పెట్టు. ఇది ఆడదు. చూడు, కదిలేచోట పెట్టకు. కదలని చోట పెట్టు, ఎంతన్నా పెట్టు, నేనేం అనను." ఆమె తల ఊపి, గిన్నెలో మిగిలినది ఆ పట్టీకి రాసి, బొట్టు పెట్టి, దండం పెట్టింది. ఆ రోజే మళ్ళీ విప్పి కడిగాను. కొత్త సీళ్ళు తెప్పించి వేశాను.

ఆ తర్వాత ఫోర్కు ఎప్పుడూ బిగుసుకోలేదు. ప్రతి ఆదివారం బ్యాండు ఎక్కడ ఉండాలో అక్కడే ఉండేది.

కాలువకు నీళ్ళు వదిలిన వారం మరిది ఇంటికొచ్చాడు. నేను అక్కడే ఉన్నాను. అక్క లేదు, సైకిల్ లేదు. ఇద్దరం మంచం మీద కూర్చున్నాం. "వదినె చెయ్యి మంచిగైతె నాకు సంతోషమే బావా. నేను ఆశకు అడగలే," అన్నాడు. నాకు తెలుసన్నాను. కాసేపటికి అక్క వచ్చింది. పిక్కల దాకా బురద, చీర కుచ్చిళ్ళు ఎగదోపి ఉన్నాయి. సైకిల్ గోడకు ఆనించి, "నారు పోసొచ్చిన," అంది. అంతే. ఎడమచేత్తో ఇద్దరికీ చాయ్ గ్లాసులు తెచ్చిచ్చింది. కట్టు ఉన్నప్పటి అలవాటు ఇంకా పోలేదు అనుకున్నాను. మరిది చాయ్ తాగి, "మా మడిల నుంచి నీకు నీళ్ళు మంచిగ ఎక్కుతున్నయా వదినె?" అని అడిగి, ఆమె ఎక్కుతున్నాయంటే లేచి పోయాడు. కౌలు మాట మళ్ళీ ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. తిరిగి వస్తూ దారిలో నేను గట్టిగా పాట పాడుకున్నాను, నా గొంతు ఎంత ఘోరమో నాకు తెలిసి కూడా.

యాసంగి పంట వచ్చింది. వడ్లు మా మిల్లుకే వచ్చాయి, నేనే తూచాను. ముసలి హమాలీ, "మీ అక్క తేమ లేకుంట ఎండబెట్టిందిరా," అన్నాడు.

దసరా వచ్చింది. పొద్దుమూకే వేళ జమ్మిచెట్టు దగ్గరకు పోయి, ఆకు తెంపుకుని, పెద్దవాళ్ళందరి చేతుల్లో పెట్టి మొక్కుతూ అక్క ఇంటికి పోయాను. వాకిట్లో పార, కొడవళ్ళు, మందు కొట్టే పంపు వరసగా పెట్టి బొట్లు పెట్టి ఉన్నాయి. సైకిల్‌కు బంతిపూల దండ. నేను ముందు వంగి చూసింది ఫోర్కునే, ఇంకేం చూస్తాను? మెరిసే గొట్టాలు పొడిగా, శుభ్రంగా ఉన్నాయి. బొట్టు పై అడ్డపట్టీకే ఉంది. పాఠం బాగానే నేర్చుకున్నావే అక్కా అని నాలో నేను నవ్వుకుంటూ లేచాను.

అక్క కొత్త చీర కట్టుకుని బయటికి వచ్చింది. "చెయ్యి పట్టు అక్కా," అని జమ్మి ఆకు తీశాను. కుడిచెయ్యి చాపింది. అరచేయి నేల వైపు ఉంది. నేను ఆగాను, తిప్పుతుందని. తిప్పలేదు. మోచెయ్యి పక్కటెముకలకు ఆనించి, భుజం వంచి, ఒళ్ళంతా ఒక పక్కకు ఒరిగింది. అరచేయి మాత్రం సగం కూడా తిరగలేదు. నేను పెట్టిన ఆకు జారి కింద పడింది.

అప్పుడు చూశాను. మణికట్టు మీద, కోసి కుట్టిన గీత పక్కన, పసుపు రాసి ఉంది. దాని మీద కుంకుమ బొట్టు.

"ఇదేందే?" అన్నాను.

"కదలని చోటనే పెట్టమంటివి గద తమ్మీ," అంది నవ్వుతూ.

నాకు నవ్వు రాలేదు. ఎప్పటి నుంచి అని అడిగాను.

"కట్టు ఇప్పిన కాన్నుంచి. డాక్టరు అప్పుడే చెప్పిండు, ఇగ గింతే తిర్గుతదని. హ్యాండిల్ పట్టుకునేందుకు ఏం ఫికర్ లేదు. ముద్ద నోట్ల పెట్టుకునేటప్పుడే జర తక్లీబ్."

వేరుగా తిన్న అన్నం, పైకి తిప్పిన బ్రేకు మీట, ఎడమచేతి చాయ్ గ్లాసులు. అన్నీ నా కళ్ళ ముందే జరిగాయి.

"నాకెందుకు చెప్పలేదే?"

"చెప్తె సైకిల్ ఎక్కనిస్తుంటిరా మీరు? మా ఆయన, మా మరిది, నువ్వు, ముగ్గురొక్కటై పొలం కౌలుకు పెట్టేటోళ్ళు." కాళ్ళ దగ్గర పడిన ఆకును చూసింది. "పండుగ పూట అట్ల నిలబడకు. ఆకు పెట్టు."

నాకు ఏడుపొచ్చింది. కనబడకుండా వంగి ఆమె కాళ్ళకు మొక్కాను. కింద పడిన ఆకు ఏరి, దుమ్ము దులిపి, ఆమె ఎడమచేతిలో పెట్టాను.